పెద్ద టైర్లు వేశాక క్రౌన్ పినియన్ మార్చాలా వద్దా: నా టకోమా లెక్క, మా బావమరిది ఎఫ్-150 లెక్క

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్న ఏడాదికే 35 అంగుళాల టైర్లు ఎక్కించేశాడు, ఎక్కించాక నాకు ఫోన్ చేసి "బావా, నువ్వు గేర్లు మార్పించావు కదా, నేనూ మార్పించనా" అన్నాడు. వద్దన్నాను. "నీదేమో 33కే మార్పించావు, నాది 35 అయినా వద్దంటావేంటి" అని వాడి డౌటు. న్యాయమైన డౌటే. మన వాళ్లలో ట్రక్కులు, జీపులు కొనేవాళ్లు పెరిగారు కాబట్టి ఇదే ప్రశ్న నలుగురైదుగురు అడిగారు ఈమధ్య, అందుకే వాడికి ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నా.

ముందు నా సంగతి. నాది 2017 టయోటా టకోమా పికప్, 3.5 లీటర్ వీ6, 6 స్పీడ్ ఆటోమేటిక్, 4x4. ఉండేది డెన్వర్ పక్కన, అంటే ఇంటి గుమ్మమే సముద్రానికి 5,000 అడుగుల పైన. వీకెండ్ వస్తే చిన్న క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని ఐ-70 హైవే మీద పడమరకి కొండలెక్కుతూ పోతాం, ఐజన్‌హోవర్ టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి ఎత్తు 11,158 అడుగులు. కంపెనీ టైర్లు 265/70 ఆర్16, వాటి బదులు 285/70 ఆర్17 వేశాను. ఆ తర్వాత బండి ఎట్లా అయిందంటే, చదునుగా ఉన్న రోడ్డు మీద కూడా చిన్న ఎత్తు వస్తే చాలు ఆరులోంచి ఐదుకి, ఐదులోంచి నాలుగుకి దూకడం, మళ్లీ ఆరుకి పోవడం, మళ్లీ దూకడం, పక్కన కూర్చున్న మా ఆవిడ "ఏంటండీ ఇది వెక్కిళ్లొచ్చినట్టు పోతోంది" అనేది.

ఇక్కడ అసలు జరిగేది ఏంటో ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా నిర్ణయమంతా మీరే తీసుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్లో ఏ లారీ మేస్త్రీని అడిగినా చెప్తాడు, వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే రెండు పళ్ల చక్రాలు ఉంటాయి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుద్దో అదే యాక్సిల్ రేషియో. పినియన్‌కి 10 పళ్లు, క్రౌన్‌కి 41 పళ్లు ఉంటే 4.10. 9కి 41 ఉంటే 4.56. 8కి 39 ఉంటే 4.88. నంబర్ పెరిగే కొద్దీ లాగుడు పెరుగుద్ది, అదే స్పీడులో ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కూడా పెరుగుద్ది. మా మావయ్య లారీ తోలిన మనిషి, ఆయనకి ఫోన్లో నేను గేర్లు మార్పిస్తున్నా అని చెప్తే ఆయన "ఏ గేర్లురా, బాక్సా, క్రౌనా?" అన్నాడు, క్రౌన్ అనగానే "ఆ, అట్లా చెప్పు, ఘాట్‌కి తగ్గ క్రౌన్ వేయించుకో" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను వారం రోజులు వీడియోలు చూసి తెలుసుకున్నది అదే.

టైర్ ఎత్తు పెరిగితే చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతది, అంటే మీ రేషియో నంబర్ తగ్గించినట్టే లెక్క. చిన్నప్పుడు కాలు అందకపోయినా నాన్న పెద్ద సైకిల్ తొక్కాం కదా, ఆపిన చోట్నించి కదిలించడానికి ఎంత బలం పట్టేదో, అదే ఇది. లెక్క సింపుల్: పాత రేషియోని కొత్త టైర్ ఎత్తుతో హెచ్చవేసి పాత టైర్ ఎత్తుతో భాగించండి, వచ్చిన నంబర్ క్రౌన్ వేస్తే బండి మళ్లీ కంపెనీ నుంచి వచ్చినట్టు ఉంటది. టైర్ ఎత్తు పక్కన రాసిన సైజులోంచే తీయొచ్చు, 285/70 ఆర్17 అంటే 285లో 70 శాతం 199.5 మిల్లీమీటర్లు, పైనా కిందా రెండు పక్కలు కాబట్టి 399, దాన్ని 25.4తో భాగిస్తే 15.7 అంగుళాలు, దానికి రిమ్ 17 కలిపితే 32.7. అంటే మనం 33 అని గొప్పగా చెప్పుకునేది 32.7. అట్లాగే 35 అని చెప్పే 315/70 ఆర్17 నిజానికి 34.4. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే షాపు వాళ్లు టైర్ మీద పేరుతో లెక్కేసి ఎక్కువ నంబర్ గేర్లు అంటగట్టే ఛాన్స్ ఉంది.

ఇంకో లెక్క, ఇది ఇంకా ముఖ్యం. ఆర్‌పీఎం కావాలంటే గంటకి మైళ్లు × యాక్సిల్ రేషియో × ఆ గేర్ రేషియో × 336 ÷ టైర్ ఎత్తు అంగుళాల్లో. ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు.

నా టకోమాకి యాక్సిల్ 3.91, ఆరో గేరు 0.58. పాత 30.6 టైర్లతో 70 మైళ్ల దగ్గర సుమారు 1,740 ఆర్‌పీఎం. కొత్త టైర్లతో 1,630. "వందే కదా తగ్గింది" అనిపిస్తది. కానీ ఆ ఇంజిన్‌కి పీక్ టార్క్ (అన్నిటికంటే ఎక్కువ తిప్పే బలం) ఎక్కడో తెలుసా, 4,600 ఆర్‌పీఎం దగ్గర. 278 హార్స్‌పవర్ వచ్చేది 6,000 దగ్గర. అంటే కంపెనీ టైర్లతోనే అది అంత తక్కువ ఆర్‌పీఎంలో నీరసంగా ఉండేది, నేను దాని మీద ఇంకో ఏడు శాతం బరువు పెట్టినట్టు. పైగా గాలి పల్చబడటం ఒకటి, టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకి సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటది, టన్నెల్ దగ్గరికొచ్చేసరికి మూడో వంతు ఆవిరి. గేర్లు మార్చినంత మాత్రాన ఆ హార్స్‌పవర్ తిరిగి రాదు, కాకపోతే ఉన్న పవర్ ఎక్కడ వస్తదో ఆ ఆర్‌పీఎంలో ఇంజిన్‌ని ఉంచుద్ది.

అసలు దెబ్బ ఎక్కడ పడిందంటే గేర్ల మధ్య గ్యాపులో. ఘాట్ ఎక్కేటప్పుడు క్యాంపర్‌తో 60లో పోతున్నా అనుకోండి, నాలుగో గేరు 1.00, అందులో 2,410 ఆర్‌పీఎం, ఆ ఎత్తులో అది చాలదు, స్పీడు జారిపోద్ది. మూడో గేరు 1.488, అందులో దాదాపు 3,590, అరుపు. బండికి కావల్సింది ఈ రెంటి మధ్యలో, 3,000 దగ్గర. 4.88 వేయించాక అదే 60లో నాలుగో గేరు సరిగ్గా 3,010కి వచ్చింది. అంతే, ఆ ఒక్క నంబర్ కోసమే నేను డబ్బులు ఖర్చు పెట్టింది అనుకోవచ్చు. ఇప్పుడు దారిలో ఇడాహో స్ప్రింగ్స్ అనే ఊరు దాటాక నాలుగులో పెడితే టన్నెల్ దాకా అదే గేర్లో పోతది, వెక్కిళ్లు లేవు.

ఇక్కడ ఒకటి గమనించండి. పాత స్థితికి రావడానికి లెక్క ప్రకారం నాకు కావల్సింది 3.91 × 32.7 ÷ 30.6, అంటే 4.18. నేను వేయించింది 4.88. ఎందుకంటే "కంపెనీ నుంచి వచ్చినట్టు" అనేదే నా బండికి నా రోడ్డు మీద సరిపోయేది కాదు. ఆరో గేర్లో 70 మైళ్లకి ఇప్పుడు 2,040 తిరుగుద్ది, ఇదివరకటి కంటే 400 ఎక్కువ, చెవికి పెద్దగా తెలీదు. కానీ ఆ 4.18 లెక్క అందరికీ పనికొస్తది అనుకుని గుడ్డిగా పోకండి, అది కేవలం మొదలుపెట్టే పాయింటు.

ఇప్పుడు మా వాడి ఎఫ్-150. 3.5 ఎకోబూస్ట్, రెండు టర్బోలు, 500 పౌండ్-ఫీట్ టార్క్, అదీ 3,100 ఆర్‌పీఎం దగ్గరే. 10 స్పీడ్ గేర్‌బాక్స్. యాక్సిల్ 3.55. కంపెనీ టైరు 275/65 ఆర్18, ఎత్తు 32.1, కొత్తవి కొలిస్తే 34.5. పదో గేరు 0.636, 70 మైళ్లకి ఇదివరకు 1,650, ఇప్పుడు 1,540. తొమ్మిదో గేరు 0.689, కొత్త టైర్లతో అందులో 1,670. చూశారా, కొత్త తొమ్మిదో గేరు పాత పదో గేరుతో సమానం. అంటే వాడు పోగొట్టుకున్నది ఒక్క పదో గేరు, అది కూడా పూర్తిగా కాదు, దిగుడులో వాడుకుంటది. గేర్ల మధ్య గ్యాపులు చిన్నవి కాబట్టి బండికి ఎప్పుడూ దగ్గర్లో ఇంకో గేరు దొరుకుద్ది, డాలస్ చుట్టుపక్కల వంద మైళ్లు పోయినా కొండ అనేది లేదు, వాడు ట్రైలర్ కట్టేది ఏడాదికి ఒకసారి, అదీ ఇల్లు మారే ఫ్రెండ్ కోసం. వాడికెందుకు రీగేర్ (క్రౌన్ పినియన్ మార్పించడం)?

కాబట్టి నన్నడిగితే టైరు ఎన్ని అంగుళాలు అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు రోజూ తోలే రోడ్డు మీద మీ బండి ఏ గేర్లో కాపురం ఉంటోంది? దాని వెనకే గేర్‌బాక్స్‌లో ఎన్ని గేర్లున్నాయి, టర్బో ఉందా, ట్రైలర్ ఉందా, ఎంత ఎత్తులో ఉంటారు, ఇవి వస్తాయి. 33కి అవసరమైన బండి ఉంది, 35కి అక్కర్లేని బండి ఉంది.

రెండు చివర్లూ చెప్తా. ఒక చివర 2007 నుంచి 2011 వరకు వచ్చిన జీప్ రాంగ్లర్, 3.8 వీ6, 202 హార్స్‌పవర్, 4 స్పీడ్ ఆటోమేటిక్, 3.21 గేర్లతో వచ్చినవి కూడా ఉన్నాయి. దానికి 35 వేస్తే 70 మైళ్లకి టాప్ గేర్లో 1,510 రావాలి లెక్క ప్రకారం, నిజానికి ఆ గేరు పట్టనే పట్టదు, మూడులోనే ఏడుస్తా పోద్ది. అలాంటి దానికి టైర్ల డబ్బులతో పాటే గేర్ల డబ్బులూ పక్కన పెట్టుకోవాలి, ఇందులో రెండో మాట లేదు. రెండో చివర కమిన్స్ 6.7 డీజిల్ లాంటివి, వాటి టార్క్ అంతా 1,600-1,800 మధ్యే ఉంటది, 35 వేసినా వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. డీజిల్‌కి పెట్రోల్ బండ్ల లెక్క చూసి పెద్ద నంబర్ వేశారంటే హైవే మీద అనవసరంగా అరిపిస్తున్నట్టే.

ఈ రెంటి మధ్యలో ఉండేవాళ్లే ఎక్కువ, వాళ్లకే తలనొప్పి. ఉదాహరణకి ఇప్పటి రాంగ్లర్ స్పోర్ట్, 3.6 వీ6, 8 స్పీడ్, 3.45 గేర్లు, 245/75 ఆర్17 టైర్లు, ఎత్తు 31.5. దీనికి 35 వేస్తే 8వ గేర్లో 70 మైళ్లకి 1,730 కాస్తా 1,580 అవుద్ది. గాలికి ఎదురెళ్లే పెట్టె ఆకారం కాబట్టి 8వ గేరు హైవే మీద దాదాపు మర్చిపోవాలి, 7లో తిరుగుద్ది. పాత స్థితికి 3.77 చాలు, కానీ జీప్ వాళ్లే ఫ్యాక్టరీలో 35 టైర్లు వేసి అమ్మే ఎక్స్‌ట్రీమ్ రీకాన్ ప్యాకేజీ రూబికాన్‌కి (రాంగ్లర్‌లోనే ఆఫ్‌రోడ్ మోడల్) ఏం గేర్లు పెట్టారో చూడండి, 4.56. మామూలు రూబికాన్‌కి 33 టైర్లు, 4.10 గేర్లు. కంపెనీ ఇంజినీర్లు ఏ టైరుకి ఏ గేరు పెట్టారన్నది చూడటం మంచి అలవాటు, ఫోర్డ్ కూడా 35, 37 టైర్లతో వచ్చే రాప్టర్‌కి (ఎఫ్-150లోనే ఆఫ్‌రోడ్ మోడల్) 4.10 పెట్టింది కానీ 3.55 పెట్టలేదు. అయితే అవి ఇసకలో, రాళ్లలో తోలడానికి చేసిన బండ్లు. మీరు ఆఫీసుకీ, పటేల్ బ్రదర్స్ సరుకుల కొట్టుకీ, గుడికీ తోలేటట్టయితే వాళ్ల లెక్క మీకు పూర్తిగా వర్తించదు.

ఇక ఆప్షన్లు ఒక్కోటి చూద్దాం.

ఏమీ చెయ్యకుండా వదిలేయడం అనేది కూడా ఆప్షనే, టైర్ ఎత్తు మూడు నాలుగు శాతం మించి మారకపోతే అదే కరెక్టు. నా బండికే 265/75 ఆర్16 వేసుంటే 31.6 వచ్చేది, తేడా 3 శాతం, ఈ రామాయణమంతా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే నేను తోలే దారులకి ఆ టైరే సరిపోయేది, 33 వేసింది పార్కింగ్‌లో చూసుకోవడానికి అని మా ఆవిడ అంటది, నేను ఖండించలేను.

స్పీడోమీటర్ సరిచేయించడం మాత్రం ఎవరికైనా తప్పనిసరి. టైరు పెరిగితే మీటరు తక్కువ చూపిస్తది, నాకు 60 చూపిస్తే నిజంగా 64, మా వాడికి 70 చూపిస్తే 75. టికెట్ రాసే పోలీసాయనకి మీ టైర్ల కథ అక్కర్లేదు. ఫోర్డ్‌కి ఫోర్‌స్కాన్, జీప్‌కి టేజర్, జేస్కాన్ లాంటి టూల్స్ ఉన్నాయి, టైర్ సైజు, యాక్సిల్ రేషియో రెండూ అందులో మార్చుకోవచ్చు. ఇది మీటర్ కోసం మాత్రమే కాదు, గేర్‌బాక్స్ ఎప్పుడు గేర్ మార్చాలో కంప్యూటర్ ఈ నంబర్లు చూసే నిర్ణయిస్తది కాబట్టి తప్పు నంబర్లుంటే తప్పు టైంలో మారుస్తది. మా వాడు ఇది చేయించాక సగం కంప్లయింట్లు పోయాయి. అందుకే రీగేర్ ఆలోచన దీని తర్వాతే పెట్టుకోండి.

ఖర్చు లేని ఇంకో మందు, చేత్తో గేరు పట్టి ఉంచడం. టకోమాలో ఎస్5 లో పెడితే ఆరుకి పోదు, ఫోర్డ్‌లో టో/హాల్ (ట్రైలర్ లాగే) మోడ్ ఉంది. వారం రోజులు అట్లా తోలి చూడండి. ఐదులో పెడితేనే బండి హాయిగా ఉంది, మీకూ చికాకు లేదు అనిపిస్తే మీ ప్రాబ్లం ఫ్రీగా తీరిపోయినట్టు. నాకు మామూలు రోజుల్లో ఐదో గేరు చాలేది, క్యాంపర్‌తో ఘాట్ మీదే చాల్లేదు, అప్పుడు అర్థమైంది నా అవసరం నిజమని. యాక్సిలరేటర్ పెడల్‌కి తగిలించే బాక్సులు కూడా అమ్ముతారు, తొక్కగానే బండి చురుగ్గా కదిలినట్టుంటది, కానీ అది మీ కాలుని కొంచెం ఎక్కువ తొక్కినట్టు కంప్యూటర్‌కి చెప్పడం తప్ప లాగుడు ఏమీ పెంచదు. ఘాట్ మీద పెడల్ ఎట్లాగూ చివరిదాకా తొక్కే ఉంటాం, ఇంక అది ఏం చేస్తది.

ఇక రీగేర్. డబ్బు విషయం ముందే చెప్పేస్తా, 4x4 కి ముందూ వెనకా రెండూ మార్చాలి, రెండూ ఒకే రేషియో ఉండాలి, లేకపోతే 4 వీల్‌లో పెట్టిన రోజు ముందూ వెనకా యాక్సిళ్లు ఒకదాన్నొకటి గుంజుకుని, వాటికి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనో ఇంకెక్కడో ఏదో ఒకటి విరుగుద్ది. "ముందు వెనక్కి చేయిద్దాం, ముందుది వచ్చే ఏడాది చూద్దాం" అనే మన పొదుపు ఇక్కడ పనికిరాదు. పార్ట్స్, బేరింగులు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు), సీళ్లు, ఆయిలు, లేబరు అన్నీ కలిపి నాకు 2,600 డాలర్లయింది, మామూలుగా 2,000 నుంచి 3,000 మధ్య అవుద్ది అనుకుని దిగండి. 4x2 బండైతే సగం. కొన్ని యాక్సిళ్లలో క్రౌన్ బిగించే క్యారియర్ కూడా మార్చాల్సి వస్తది, జీపుల్లో వచ్చే పాత డానా 44 యాక్సిల్‌నే తీసుకుంటే 3.73 దాకా ఒక క్యారియర్, 3.92 నుంచి పైకి ఇంకోటి, ఇది ముందే అడగకపోతే బిల్లు చూసి గుండె జారిపోద్ది. డిఫరెన్షియల్ ఎట్లాగూ విప్పుతున్నారు కాబట్టి లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) వేయించుకునే ఆలోచనుంటే అప్పుడే వేయించుకోండి, లేబరు రెండోసారి కట్టక్కర్లేదు.

"మైలేజీ పెరుగుద్ది కదా బావా, ఆ డబ్బులు తిరిగొచ్చేస్తాయి" అన్నాడు మా వాడు. ఇది అందరూ చెప్పుకునే మాటే, లెక్కేసి చూపిస్తా. పాత టైర్లతో నాకు గ్యాలన్‌కి 19 మైళ్లు వచ్చేది. 33 వేశాక 16.5 (మీటర్ చూపించింది 15.4, కానీ మైళ్లు 7 శాతం తక్కువ లెక్కేస్తోంది కాబట్టి సరిచేస్తే 16.5, చాలామంది ఈ సవరణ చెయ్యకుండా మైలేజీ పడిపోయిందని ఏడుస్తారు). రీగేర్ తర్వాత 17. ఏడాదికి 12,000 మైళ్లు తోలితే 16.5 దగ్గర 727 గ్యాలన్లు, 17 దగ్గర 706. మిగిలింది 21 గ్యాలన్లు, గ్యాలన్ 3.25 అనుకుంటే 70 డాలర్ల లోపు. 2,600 తిరిగి రావడానికి 37 ఏళ్లు పడుద్ది. అప్పటికి బండి ఉండదు, నేనుంటే సంతోషం. పోయిన మైలేజీలో ఎక్కువ భాగం టైరు బరువు వల్ల, వెడల్పు వల్ల, గాలి అడ్డం వల్ల పోయింది, దాన్ని ఏ క్రౌనూ తెచ్చిపెట్టదు. బ్రేకులు కూడా అంతే, పెద్ద బరువైన టైరుని ఆపడానికి బ్రేక్ ఎక్కువ కష్టపడాలి, రీగేర్ దాన్ని సరిచెయ్యదు.

మరి రీగేర్ ఇచ్చేది ఏంటి? ఆపిన చోట్నించి కదలడంలో తేలిక, ఘాట్ మీద ఒకే గేర్లో నిలబడటం, మాటిమాటికీ గేర్లు మారకపోవడం వల్ల గేర్‌బాక్స్ వేడి తగ్గడం. రాళ్ల మీద తోలేవాళ్లకి ఇంకా ఎక్కువ, 4 లో (4 వీల్‌లో బాగా మెల్లగా పోయే గేరు) లో బండి పాకినట్టు పోతది. రూబికాన్ ఆటోమేటిక్‌లో 4.10 × ట్రాన్స్‌ఫర్ కేస్ 4.0 × ఒకటో గేరు 4.71 అంటే 77, దానికి 35 వేస్తే అందులో ఐదు శాతం పోయినట్టు, 4.56 వేస్తే పోయింది తిరిగొచ్చి ఇంకాస్త మిగులుద్ది.

ఏ నంబర్ వేయించాలి అనే దగ్గర రెంటి మధ్య ఊగుతుంటే ట్రైలర్ కట్టేవాళ్లు, ఎత్తు ప్రాంతాల వాళ్లు పెద్ద నంబర్ వైపు, చదును హైవే వాళ్లు చిన్న నంబర్ వైపు మొగ్గండి. కాకపోతే నంబర్ పెరిగే కొద్దీ పినియన్ చిన్నదవుద్ది, పళ్లు తగ్గుతాయి, బలం తగ్గుద్ది. నాకు 5.29 కూడా దొరికేది, ఎప్పటికీ 35కి వెళ్లను అని మా ఆవిడ ముందు ఒప్పుకున్నా కాబట్టి 4.88 దగ్గర ఆగా.

షాపు విషయంలో మాత్రం రేటు చూసి పోకండి, నా అనుభవం ఇది. మొదట తక్కువ రేటు చెప్పిన ఒక షాపులో చేయించా, పేరు అనవసరం. బండి తీసుకుని హైవే ఎక్కి యాక్సిలరేటర్ వదిలితే 50 దగ్గర వెనకనించి సన్నగా ఈల వేస్తున్నట్టు మోత. "కొత్త గేర్లు కదా, సెట్ అవుద్ది" అన్నారు. సెట్ అవ్వదు. పళ్లు ఒకదాన్నొకటి ఎక్కడ ఒరుసుకుంటున్నాయో రంగు పూసి ప్యాటర్న్ చూస్తారు, పినియన్ లోతు తేడాగా ఉంటే, క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య వదులు సరిగ్గా లేకపోతే (సాధారణంగా అంగుళంలో 6 నుంచి 10 వెయ్యో వంతులు) మోత వస్తది, అట్లాగే తోలితే పళ్లు అరిగిపోతాయి. మూడుసార్లు తిరిగాక మళ్లీ విప్పి షిమ్ములు మార్చారు, అప్పుడు పోయింది. అందుకే పని ఇచ్చే ముందు రెండడగండి: ప్యాటర్న్ ఫొటో ఇస్తారా, మోత వస్తే ఫ్రీగా విప్పుతారా అని. ఫొటో అడగ్గానే మొహం చిట్లిస్తే బయటికి వచ్చేయండి.

చేయించాక మీ వంతు కూడా ఉంది. మొదటిసారి 15-20 నిమిషాలు మెల్లగా తోలి పూర్తిగా చల్లారనివ్వాలి, అట్లా రెండు మూడు సార్లు. 500 మైళ్ల దాకా ట్రైలర్ కట్టకూడదు. 500కి ఆయిల్ మార్చేయాలి, ఆ తీసిన ఆయిల్లో వెండి పొడి లాగా సన్నగా మెరుస్తది, భయపడక్కర్లేదు, ముక్కలు కనిపిస్తే మాత్రం షాపుకి పొండి.

ఇంకో ఆప్షన్ చాలామందికి తట్టదు, అసలు ఆ గేర్లతోనే వచ్చిన బండి కొనుక్కోవడం. ఇంకా కొనని వాళ్లు ముఖ్యంగా వినండి, 3.45 గేర్ల రాంగ్లర్ స్పోర్ట్ కొని, లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), టైర్లు, గేర్లు, లాకర్లు అన్నీ తర్వాత చేయిద్దాం అనుకునేవాళ్లు ఒకసారి మొత్తం కూడి చూసుకోండి, రూబికాన్ స్టిక్కర్ రేటు దగ్గరికో దాటో వెళ్లిపోతారు, రూబికాన్‌లోనైతే ఇవన్నీ వారంటీతో వస్తాయి. పాత జీప్ వాళ్లకైతే రూబికాన్‌లోంచి తీసిన యాక్సిళ్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, 4.10 గేర్లు, లాకర్లు లోపలే ఉంటాయి, మంచివి దొరికితే రీగేర్ కంటే అదే లాభం.

హైదరాబాద్‌లో థార్ ఉన్న మా ఫ్రెండ్ ఒకడు ఇదంతా విని ఉత్సాహపడ్డాడు, వాడికి చెప్పింది ఇక్కడా చెప్తా. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇదే పట్టుకుంటారు. కాబట్టి అక్కడ కంపెనీ ఇచ్చిన సైజు, లేదా అదే బండి వేరే వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు దగ్గర ఆగడం మంచిది, ఆ సైజులో క్రౌన్ ప్రశ్నే రాదు.

మా వాడు చివరికి ఫోర్‌స్కాన్‌తో సరిచేసుకుని ఊరుకున్నాడు, నెల రోజులు సంతోషంగానే ఉన్నాడు. మొన్న మళ్లీ మెసేజ్, "బావా, 37 పట్టుద్దా?" అని. 37 అంటే నిజంగా 36.5, 3.55ని దాంతో హెచ్చవేసి 32.1తో భాగిస్తే 4.04, అంటే 4.10 క్రౌన్, ముందూ వెనకా రెండూ, అని రాసి కింద రేటు కూడా పెట్టా. ఇంకా బ్లూ టిక్ పడలా.